నాలుగు సెకన్లు ఆలస్యంగా

బర్బ్యాంక్‌లో, కిటికీలు లేని గదిలో
దుమ్ము తుడవడం నా ఉద్యోగం.
బల్లల మీది దుమ్ము కాదు,
పంతొమ్మిది వందల యాభై ఏడులో
ఫిల్ము మీద వాలి
లేచి వెళ్లడం మరిచిపోయిన దుమ్ము.

"టింకమ్ దర్జీ దుకాణం."
ముప్పై తొమ్మిది ఎపిసోడ్లు, ఆరు డిస్కులు, ఒక అట్టపెట్టె.
క్రిస్మస్‌కి ముందే షాపులకి చేరాలి.
క్యాసెట్ల రోజుల్లో నాలుగంటే నాలుగే అమ్మారట,
అవీ మసిబారిన లాంతరు గాజులోంచి చూస్తున్నట్టు.

పదకొండోది.
లావుపాటి గిరాకీ అద్దం ముందు నిలబడి
"ఈ కోటు నాకు ఎప్పటికి సరిపోతుంది?" అంటాడు.
"మీరు భోజనం మానేసిన మర్నాటికి" అంటాడు టింకమ్.
హాలు హాలంతా గొల్లున నవ్వుతుంది.
నవ్వు తగ్గుతుంది.
అతను తర్వాతి మాటకి నోరు తెరుస్తాడు.
అప్పుడు,
వాన వెలిశాక చూరు నుంచి జారిన చుక్కలా
ఒక్క నవ్వు.
ఆడపిల్లది.

డెల్‌బర్ట్ చీటీ రాసిచ్చాడు:
దగ్గులు తీసెయ్, కుర్చీల కిర్రులు తీసెయ్,
పద్నాలుగో నిమిషంలో ఆ వెర్రినవ్వు తీసెయ్.
తీసేశాను.
చీమ చచ్చినంత చప్పుడైనా కాలేదు.

ఆ వారమే ఉత్తరం వచ్చింది,
ఒహాయోలోని పార్మా నుంచి, ఎర్నో వదాస్ అనే ఆయన.
గీతల కాగితం, పెద్ద పెద్ద అక్షరాలు.

"అయ్యా, మీరు అమ్మబోయే పెట్టెలో
పదకొండోది ఉందా?
క్యాసెట్లలో లేదు.
ఆరో వరసలో మా అక్క పిరోష్క ఉంది.
కనపడదు, వినపడుతుంది.
హంగేరీ నుంచి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు.
టికెట్లు ఊరికే ఇస్తున్నారని మావయ్య తీసుకెళ్లాడు.
నాకు పదకొండేళ్లు, బడిలో ఇంగ్లీషు కాస్త అంటింది.
తనకి అంటలేదు.
ప్రతి జోకూ నేను చెవిలో చెప్పాలి.
అందుకే ఆ ఆలస్యం.
తప్పు నాది, తనది కాదు.
తన ఫోటోలు మూడున్నాయి మా దగ్గర,
మూడింటిలోనూ మూతి బిగించుకునే ఉంది."

తీసేసినదాన్ని వెనక్కి తెచ్చాను.
జోకుకీ ఆ నవ్వుకీ నడుమ నాలుగు సెకన్లు.
శబ్దం పెంచాను, ఇంకా పెంచాను,
హోరు చెవుల్ని రంపంలా కోస్తుంటే
దాని అడుగున ఏదో గుసగుస,
కుర్రగొంతు, ఉరుకులూ పరుగులూ.
ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు బొమ్మకేసి చూశాను.
ఇన్ని వారాలుగా గీతలు చూశాను, మచ్చలు చూశాను,
టింకమ్ కళ్లు చూడలేదు.
తెరిచిన నోరు మూసేశాడు.
చూపు ఒక్కసారి కెమెరా దాటి చీకట్లోకి వెళ్లింది.
ఆగాడు. ఆ పిల్ల నవ్వేదాకా ఆగాడు.
ఆ తర్వాతే సూదిలో దారం ఎక్కించాడు.

డెల్‌బర్ట్‌కి నేనేమీ చెప్పలేదు.

పెట్టె మార్కెట్లోకి వెళ్లింది.
ఎవరో కొన్నాయన ఫిర్యాదు రాశాడు:
బొమ్మ అద్దంలా ఉంది,
కానీ రెండో డిస్కులో ఒక నవ్వు దారి తప్పింది, ఇదేం పనితనం?
డెల్‌బర్ట్ దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి
నా బల్ల మీద పడేశాడు.

జనవరిలో ఎర్నో ఫోన్ చేశాడు.
ఆ కోటు నిజానికి పచ్చిబఠాణీ రంగు, అన్నాడు.
లోకమంతా బూడిదరంగు అనుకుంటోంది, అన్నాడు.
కోటు గురించే పది నిమిషాలు.
నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.
పెట్టేయబోతూ గొంతు సవరించుకున్నాడు.

"మీకొకటి చెప్పాలి.
ఆ జోకు నాకూ అర్థం కాలేదు.
ఏదో ఒకటి చెప్పాలి కదా,
ఆ లావాటాయన అచ్చం మావయ్యలా లేడూ, అన్నాను చెవిలో.
మావయ్య అటు పక్కనే కూర్చున్నాడు."